ఇందూరు నేల మీద నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ కథ

నిజామాబాద్ జిల్లాకు విమానం కొత్త కాదు. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్, మోర్తాడ్ వైపు ఏ ఊళ్లో అడుగుపెట్టినా గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారో, వీసా కోసం ఎదురుచూస్తున్నవారో పలకరిస్తారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలసల చరిత్రను మూడు మాటల్లో చెబుతుంటారు. అందులో మూడో మాటకు ఈ జిల్లా ఊళ్లే సాక్ష్యం. ఇంతమంది విమానం ఎక్కే జిల్లాలో విమానం దిగే చోటు మాత్రం లేదు. పెట్టె సర్దుకుని రైలో బస్సో ఎక్కి, హైదరాబాద్ దాటి శంషాబాద్ చేరాలంటే రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణం. అలాంటి ఈ నేలను ఏలిన హైదరాబాద్ నిజాం సర్కారు ఒకప్పుడు సొంతంగా విమాన సంస్థనే నడిపింది. దాని పేరు డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో ఏర్పడి, 1946లో ఆకాశంలోకి లేచి, 1953లో మరో పేరులో కలిసిపోయిన సంస్థ అది.

ఈ పేరు వినగానే చాలామందికి 2003లో బెంగళూరు నుంచి కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్ గుర్తుకొస్తుంది. అది వేరు, ఇది వేరు. మన కథలోని సంస్థ దానికంటే అర్ధ శతాబ్దానికి పైగా పెద్దది. బేగంపేట దాని ఇల్లు. నిజాం స్టేట్ రైల్వే దాని పెద్ద దిక్కు. ఆ రైల్వే ఎలా ఎదిగిందో, ఆ రాజ్యం విమానాలు కొనే స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే బేగంపేటలో ఆగితే చాలదు. నిజామాబాద్, బోధన్ దాకా రావాలి. ఇక్కడి కాలువ గట్ల మీద, చెరకు తోటల మధ్య, మూతపడిన మిల్లు ప్రహరీ పక్కన ఆ కథ తొలి సగం దొరుకుతుంది.

ముందు నీళ్లు, తర్వాత చెరకు

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. సికింద్రాబాద్ నుంచి గోదావరి లోయ మీదుగా మన్మాడ్ దాకా మీటర్‌గేజి రైలు మార్గం పడ్డాక ఈ ఊరికి బొంబాయి దారి తెరుచుకుంది. ఇక్కడి పత్తికి, పప్పులకు, పసుపుకు దూరపు మార్కెట్లు దగ్గరయ్యాయి. ఆ తర్వాత అసలు మలుపు 1923లో మొదలైంది. మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టడానికి ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పూనుకున్నాడు. 1931లో పని పూర్తయింది. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున్న రాతి ఆనకట్ట, దాని మీద బండ్లు నడిచేంత దారి, రెండు లక్షల డెబ్బయి అయిదు వేల ఎకరాలకు నీరందించాలన్న లెక్క. పూడిక పేరుకుని జలాశయం ఈనాడు తొలినాటి కంటే చాలా తక్కువ నీటిని పట్టుకుంటోంది. అయినా ఆనకట్ట మీద నిలబడి చూస్తే ఆ రాతి వరసల పనితనం ఇప్పటికీ కళ్లను కట్టిపడేస్తుంది.

నీళ్లు వచ్చాయి కానీ తడి సేద్యం తెలిసిన చేతులు చాలలేదు. కోస్తా జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో వచ్చి బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ భూములు కొని స్థిరపడ్డారు. వాళ్లు పాకలు వేసుకున్న చోట్లు క్యాంపులయ్యాయి. పాకలు పోయి మేడలు వచ్చినా పేర్లలో క్యాంపు అనే మాట నేటికీ నిలిచి ఉంది. ఈ దారిన వెళితే కాలువకు ఒక పక్క తెలంగాణ యాస, మరో పక్క గోదావరి యాస వినిపిస్తాయి.

కాలువ వెంట చెరకు, చెరకు వెంట మిల్లు. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, ఆటస్థలం, చెట్ల నీడన అధికారుల బంగళాలతో షక్కర్‌నగర్ అనే పట్నం వెలిసింది. కంపెనీకి సొంత చెరకు తోటలు వేల ఎకరాల్లో ఉండేవి. గానుగ నుంచి మిగిలిన మడ్డితో సారాయి తీసే డిస్టిలరీ ఉండేది. మొదటి విజిల్‌తో ఊరు లేచి, చివరి విజిల్‌తో పడుకునేదని షక్కర్‌నగర్ పెద్దలు చెబుతారు.

ఈ చక్కెర వ్యవహారంలో ఒక చిన్న సంగతిని నిదానంగా చూడాలి. చెరకును నరికిన గడియ నుంచి అందులోని తీపి తగ్గడం మొదలవుతుంది. గడకు కోత పడగానే లోపలి చక్కెర విడిపోయి స్ఫటికం కట్టని రకంగా మారుతుంటుంది. ఎండలో గడ ఎండి బరువూ తగ్గుతుంది. ఒక రోజు దాటితే రైతుకూ నష్టమే, మిల్లుకూ నష్టమే. కాబట్టి ఏ మడిలో ఏ రోజు కోత పెట్టాలో, ఏ బండి ఏ వేళకు గేటు ముందుకు రావాలో మిల్లే పర్మిట్లు రాసి ఇచ్చేది. తూకం రాళ్ల దగ్గర వరసలో నిలిచిన ఎడ్లబండ్లు, పొలాల మధ్య నుంచి చెరకు లాగిన చిన్న ట్రాలీ పట్టాలు, జానకంపేట దగ్గర ప్రధాన మార్గంలో కలిసే బోధన్ రైలు శాఖ, ఇవన్నీ ఒకే గడియారం ప్రకారం నడవాల్సిందే. వేళకు చేరడంలోనే లాభం ఉందని ఈ ప్రాంతానికి చెరకు నేర్పింది. రవాణాను ఒకే చేతిలో పెట్టి నడపాలన్న ఆలోచన హైదరాబాద్ రాజ్యంలో వేళ్లూనుకున్నది కూడా ఆ దశకాల్లోనే.

రైలు, బస్సు, విమానం ఒకే గొడుగు కింద

అప్పటిదాకా ఒక కంపెనీ చేతిలో ఉన్న రైల్వేను 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. నిజాం స్టేట్ రైల్వే అన్న పేరు స్థిరపడింది. రెండేళ్లు తిరిగాక రైల్వే రోడ్డు మీదికి దిగింది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. మన ఆర్టీసీకి అదే మూలం. బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అని ఆర్టీసీ వర్గాల్లో చెబుతారు. రైలు దిగినవారిని బస్సు ఊరికి చేర్చాలి, బస్సు తెచ్చినవారిని రైలు దూరం తీసుకుపోవాలి. రెండూ ఒకే యాజమాన్యం కింద ఉంటే ఒకదానికొకటి పోటీ కావన్నది ఆ ఏర్పాటులోని తెలివి.

ఆకాశం వంతు ఆ తర్వాత వచ్చింది. 1932 అక్టోబర్‌లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపి దేశంలో వాణిజ్య విమానయానానికి నాంది పలికాడు. ఆ తపాలా దారి మొదట బళ్లారి మీదుగా మద్రాసు చేరేది. తర్వాత బళ్లారి స్థానంలో హైదరాబాద్ వచ్చింది. రాజధానిలో బాబర్ మీర్జా ఆధ్వర్యంలో ఏరో క్లబ్ వెలిసింది. బేగంపేటలో విమానాశ్రయ భవనానికి ఏడో నిజాం పెద్ద కోడలు, చివరి ఉస్మానియా ఖలీఫా కుమార్తె దుర్రె షెహవార్ శంకుస్థాపన చేసింది. సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, సొంత రేడియో ఉన్న రాజ్యానికి సొంత విమానం ఒక్కటే తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, అంటే 1945లో, ఆ లోటూ తీరింది. నిజాం రాజ్యం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్‌ను స్థాపించారు. 71 శాతం వాటా నిజాం వైపుది, మిగిలింది టాటాలది. డబ్బు రాజ్యానిది, విమానాలు నడిపే విద్య టాటాలది.

1946 జూలై 1న బేగంపేట నుంచి సర్వీసులు మొదలయ్యాయి. మద్రాసు, బెంగళూరు, బొంబాయి, నాగ్‌పూర్, ఢిల్లీలతో హైదరాబాద్‌ను కలుపుతూ దారులు పడ్డాయి. అదే నెల 29న టాటా ఎయిర్‌లైన్స్ పేరు మార్చుకుని ఎయిర్ ఇండియా అయింది. అంటే ఎయిర్ ఇండియా పేరు పుట్టే నాటికే డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు తిరుగుతున్నాయి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్‌కు పటం మీద గీత గీస్తే అది ఇందూరుకు కాస్త తూర్పున గోదావరిని దాటుతుంది. నిజామాబాద్‌లో ఈ సంస్థకు దిగే చోటు లేదు. రాజ్యంలోని జిల్లా కేంద్రాల్లో వరంగల్ దగ్గర మామునూరుకు ఆ భాగ్యం దక్కింది. ఇందూరు వర్తకుడు ఢిల్లీకో మద్రాసుకో తొందరగా చేరాలంటే రాత్రి రైలుకు సికింద్రాబాద్ వెళ్లి పొద్దున బేగంపేటలో విమానం ఎక్కాలి. ఆ రైలూ ఆ విమానమూ ఒకే రైల్వే పెద్దల కింద ఉన్నవే.

డకోటా కడుపులో

డెక్కన్ ఎయిర్‌వేస్ బలమంతా డకోటాలే. అమెరికాలో డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3 విమానానికి ఇది వ్యవహార నామం. 1935 డిసెంబర్‌లో తొలిసారి ఎగిరిన ఈ విమానం యుద్ధకాలంలో సైన్యానికి వాహనమై పది వేలకు పైగా తయారైంది. యుద్ధం ముగిసేసరికి మన దేశంలోని వైమానిక స్థావరాల్లో ఇవి వరసలు కట్టి నిలిచిపోయాయి. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్ఖానాలో వాటి సైనిక బల్లలు ఊడదీసి, మెత్తటి సీట్లు బిగించి, పౌర విమానాలుగా మార్చేవారు. యుద్ధం తర్వాత దేశంలో ఒక్కసారిగా విమాన కంపెనీలు పుట్టుకురావడానికి చవకగా దొరికిన ఈ డకోటాలే కారణం.

రెక్కల కొస నుంచి కొసకు 95 అడుగులు. ముక్కు నుంచి తోక దాకా 64 అడుగుల పైచిలుకు. ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గల రెండు ఇంజన్లు. అమరికను బట్టి ఇరవై ఒకరి నుంచి ముప్పై రెండు మంది దాకా పట్టేవారు. తోక కింద చిన్న చక్రం ఉండటం వల్ల నేల మీద నిలిచినప్పుడు విమానం ముక్కు పైకెత్తుకుని ఉంటుంది. వెనక తలుపు గుండా లోపలికి అడుగుపెట్టిన ప్రయాణికుడు తన సీటు దాకా గుట్ట ఎక్కినట్టు ఎగువకు నడవాలి. పరుగు అందుకుని తోక లేచాకే నేల సమంగా మారుతుంది. గంటకు 270 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతే హైదరాబాద్ నుంచి మద్రాసుకు సుమారు రెండు గంటలు.

లోపలి గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు డకోటాలో లేదు. అందుకే మరీ ఎత్తుకు పోకుండా, మబ్బుల కిందో మబ్బుల మధ్యనో ఎగిరేది. ఎండాకాలం మధ్యాహ్నం దక్కన్ రాతి నేల నుంచి లేచే వేడిగాలి విమానాన్ని ఎత్తి పడేస్తుంటే వాంతి సంచులకు పని పడేది. ఇంజన్ల హోరు తట్టుకోవడానికి చెవుల్లో దూది, చెవులు దిబ్బడ వేయకుండా చప్పరించడానికి పిప్పరమెంట్లు ఆ రోజుల విమాన ప్రయాణంలో మామూలు. అంత తక్కువ ఎత్తు వల్ల ఒక లాభమూ ఉండేది. కిటికీలోంచి చెరువులు, కోటలు, రైలు పట్టాలు, పైరు రంగులు అన్నీ కనిపించేవి. పైలట్లు కూడా నదులను, రైలు మార్గాలను చూసి దారి సరిచూసుకున్న కాలమది.

మనుషులతోపాటు ఉత్తరాలూ ఎగిరాయి. 1949 ఏప్రిల్ 1 నుంచి దేశంలో విమానంలో తొందరగా చేరే అవకాశమున్న చోటల్లా మామూలు ఉత్తరాన్ని అదనపు రుసుము లేకుండా విమానంలోనే పంపే పద్ధతి వచ్చింది. అదే ఏడాది రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రివేళ బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగ్‌పూర్‌లో కలుసుకుని సంచులు మార్చుకుని తెల్లారేసరికి తిరుగుముఖం పట్టేవి. బోధన్ తపాలా కచేరీలో వేసిన ఉత్తరం రైలెక్కి సికింద్రాబాద్ చేరితే, అక్కడి నుంచి అది దేశం నలుమూలలకూ రెక్కల మీద పోయే రోజులు వచ్చాయన్నమాట.

తలుపు తీసిన సంస్థ

డెక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రలో అందరూ గర్వపడాల్సిన పేరు ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో విమానం నడపడం నేర్చుకుని 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు సంపాదించిన మహిళ ఆమె. భారతదేశంలో ఆ లైసెన్సుతో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. లైసెన్సు చేతిలో ఉన్నా ఒకదాని తర్వాత ఒకటిగా విమాన సంస్థలు ఆమెను తిరస్కరించాయి. ఆడమనిషి విమానం నడిపితే ప్రయాణికులు ఎక్కుతారా అన్నది వాళ్ల భయం. హైదరాబాద్ సంస్థ మాత్రం ఆమెను కోపైలట్‌గా తీసుకుంది. 1949లో ఆమె జాతీయ వైమానిక పందెం గెలిచింది. కమాండర్ సీటు దగ్గరకు వచ్చేసరికి ఇక్కడా ఆమెకు అవకాశం దక్కలేదు, తర్వాత వేరే దారి చూసుకుంది. అయినా దేశమంతా మూసిన తలుపును మొదట తీసింది బేగంపేటే. మహిళా పైలట్ల నిష్పత్తిలో ప్రపంచంలో ముందు వరసన నిలిచిన నేటి భారతదేశానికి ఈ తొలి అడుగు గుర్తుండాలి.

1948

ఈ కథలో వెలుగు ఒక్కటే లేదు. ఆనకట్టలు, మిల్లులు, విమానాలు కట్టిన ఆ ప్రభుత్వమే ప్రజల గొంతు నొక్కింది. 1948లో నిజామాబాద్ ఖిల్లా జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో నిజాంకు వ్యతిరేకంగా పద్యం రాశాడు. ఖిల్లా గుట్ట ఎక్కి రామాలయం చూడటానికి వెళ్లేవారు ఆ గోడల దగ్గర ఆగి నమస్కరిస్తారు. భారతదేశంలో కలవడానికి నిజాం ఒప్పుకోకపోవడంతో ఆ ఏడాది హైదరాబాద్ చుట్టూ ఆంక్షలు బిగిశాయి. ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిళ్లు ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దింపాడు. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. రైల్వేతోపాటు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా కొత్త ప్రభుత్వాల చేతికి వచ్చింది.

ఆ తర్వాత రైలు, బస్సు, విమానాల ఆ ఉమ్మడి కుటుంబం అయిదేళ్లలో విడిపోయింది. 1951 నవంబర్‌లో నిజాం స్టేట్ రైల్వే కొత్తగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిసింది. బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లాయి, 1958 జనవరిలో ఏపీఎస్‌ఆర్టీసీ అయ్యాయి. విమానాలకు మిగిలింది 1953. యుద్ధానంతరం పుట్టిన కంపెనీలు ఎక్కువ, ప్రయాణికులు తక్కువ కావడంతో అంబికా, జూపిటర్ వంటివి ముందే మూతపడ్డాయి. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ ఈ పరిస్థితి మీద విచారణ జరిపి, దేశం భరించగలిగిన దానికంటే సంస్థలు ఎక్కువయ్యాయని తేల్చింది. పార్లమెంటు చట్టం చేసింది. 1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. అప్పటికి కొత్త సంస్థ చేతికి వచ్చిన డకోటాలే 74.

ప్రాంతీయ విమాన సంస్థలకు ఇలాంటి ముగింపు ఎక్కడైనా ఉన్నదే. స్విట్జర్లాండ్‌లో 1975లో చిన్నగా మొదలై చిన్న ఊళ్లను కలిపిన క్రాస్‌ఎయిర్ 2002లో పేరు మార్చుకుని ఆ దేశపు జాతీయ సంస్థగా మారింది. బ్రిటన్‌లో 1979లో జెర్సీ యూరోపియన్‌గా పుట్టి ఫ్లైబీగా ఎదిగిన సంస్థ 2020 మార్చిలో కూలిపోయింది. ఒకటి జాతీయ సంస్థ రూపంలో కొనసాగింది, మరొకటి అప్పుల్లో మునిగింది. డెక్కన్ ఎయిర్‌వేస్‌ది మొదటి దారి. దాని వారసత్వపు జాడ వెంట నడిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తర్వాత ఎయిర్ ఇండియాలో కలిసింది. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి తిరిగి వెళ్లింది. 1945లో హైదరాబాద్ సంస్థలో భాగస్వాములైన టాటాలే డెబ్బై ఏడేళ్ల తర్వాత మళ్లీ ఆ వారసత్వానికి యజమానులయ్యారు.

తర్వాత ఎగిరినవి

చిన్న ఊళ్లకు విమానం తేవాలన్న కోరిక 1953తో ఆగలేదు. 1981లో కేంద్రం వాయుదూత్‌ను పెట్టింది. మామునూరులో, రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో వాయుదూత్ విమానాలు దిగిన రోజులు ఆ చుట్టుపక్కల వాళ్లకు గుర్తే. 1990ల్లో అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనే కలిసింది. విజయవాడ నుంచి 2013 అక్టోబర్‌లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి చివరకు ఆగింది. హైదరాబాద్ కేంద్రంగా 2015 జూలైలో ట్రూజెట్ వచ్చింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లను విమానంతో కలిపే కేంద్ర పథకం ఉడాన్ కింద విమానాలు ప్రారంభమైన రోజున హైదరాబాద్ నుంచి కడపకూ నాందేడ్‌కూ ఎగిరినవి ట్రూజెట్ విమానాలే. బోధన్ నుంచి నాందేడ్ సుమారు వంద కిలోమీటర్లు. పాత హైదరాబాద్ రాజ్యంలో నాందేడ్, బోధన్ ఇరుగుపొరుగు జిల్లాల ఊళ్లు. డెక్కన్ ఎయిర్‌వేస్ కాలం తర్వాత చెరకు నేలకు అంత దగ్గరగా వచ్చిన తెలుగు గడ్డ విమాన సంస్థ ట్రూజెట్. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది.

ఇవన్నీ ఎందుకు నిలవలేదు? చిన్న విమానంలో సీట్లు తక్కువ. ఇంధనం, లీజు అద్దె, పైలట్ల జీతం మాత్రం సీట్ల లెక్కన తగ్గవు. ఉడాన్ కింద లోటు భర్తీ సాయం ఒక దారికి మూడేళ్లు అందుతుంది. ఆ మూడేళ్లలో ఆ ఊరి వ్యాపారం సీట్లు నింపగలిగితే సర్వీసు నిలుస్తుంది, లేదంటే సాయంతోపాటే పోతుంది. డెక్కన్ ఎయిర్‌వేస్‌కు రైల్వే ఆదాయం అండ ఉండేది, ఆ రైల్వేకు చెరకు, పత్తి, బొగ్గు మోసిన కిరాయి అండ ఉండేది. తర్వాతి సంస్థలకు అలాంటి ఆసరా లేదు.

షక్కర్‌నగర్ నుంచి జక్రాన్‌పల్లికి

బోధన్ మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. అంతకుముందే సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. గానుగ ఆగితే చెరకు ఎక్కడికి పోతుంది? దూరపు ఫ్యాక్టరీకి మోసే కిరాయి భరించలేక నిజాంసాగర్ కాలువల కింద రైతులు వరికి మళ్లారు. షక్కర్‌నగర్‌లో పొగగొట్టం నిలబడే ఉంది. క్వార్టర్ల మధ్య వేపచెట్లు ఏపుగా పెరిగాయి. మిల్లు తెరవాలని రైతులూ కార్మికులూ ఏళ్లుగా అడుగుతున్నారు. పునరుద్ధరణ మీద 2024లో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది.

జిల్లాకు మరో పక్కన, జాతీయ రహదారి 44 వెంట జక్రాన్‌పల్లి ఉంది. కొత్త విమానాశ్రయాల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిశీలించిన తెలంగాణ ప్రాంతాల్లో ఇది ఒకటి. మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్ పేర్లూ అందులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం పచ్చజెండా ఊపింది. జక్రాన్‌పల్లి వంతు కోసం జిల్లా చూస్తోంది. ఆశకు ఆధారాలు లేకపోలేదు. గల్ఫ్ రాకపోకలు ఉన్నాయి. 2025 జనవరిలో ఏర్పడిన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. ఆర్మూర్ వైపు ఎర్రజొన్న విత్తన వ్యాపారం ఉంది. కొడుకు గల్ఫ్‌లో కన్నుమూస్తే శంషాబాద్ కార్గో గేటు దగ్గర రాత్రంతా కూర్చునే తల్లిదండ్రుల కష్టం కొంతైనా తగ్గాలంటే విమానం దగ్గరకు రావడం అవసరమే.

ఈ కథా స్థలాలు చూడాలనుకునేవారికి దారి సులువే. సికింద్రాబాద్, కాచిగూడల నుంచి నిజామాబాద్‌కు రైళ్లున్నాయి. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి బస్సులు రోజంతా దొరుకుతాయి, రోడ్డు దారి సుమారు 175 కిలోమీటర్లు. నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దారిలోనే అలీసాగర్ జలాశయం, తోట ఉన్నాయి. షక్కర్‌నగర్ కాలనీ వీధులు తిరగవచ్చు కానీ మిల్లు లోపలికి అనుమతి లేనిదే వెళ్లకూడదు. నిజాంసాగర్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది, వానాకాలం చివర్లో వెళితే నీటితో నిండుగా కనిపిస్తుంది. బేగంపేట విమానాశ్రయం నుంచి 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. వింగ్స్ ఇండియా వైమానిక ప్రదర్శన జరిగినప్పుడు అక్కడికి సందర్శకులను రానిస్తారు.

1932 నాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ అపురూపంగా దాచుకుంది. అదే తల్లికి పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కూ ఒక చోటు దక్కాలి. టికెట్టు ముక్కో, టైంటేబులో, యూనిఫాం బిళ్లో, ఫొటోనో మీ ఇంట్లో తాతల పెట్టెల్లో ఉంటే పారేయకండి. రాష్ట్ర ఆర్కైవ్స్‌కు తెలియజేయండి. పాలకులకు ఒక్క మాట. ఆ రాజ్యం పట్టాలు, నీళ్లు, పంట, బస్సు, మిల్లు తెచ్చాకే చివరన విమానం తెచ్చింది. జక్రాన్‌పల్లి రన్‌వే కన్నా ముందు బోధన్ గానుగ తిరగాలి. పని ఉన్న చోటే విమానం నిలుస్తుందని డెక్కన్ ఎయిర్‌వేస్ కథ రుజువు చేసింది.